పిడిలోనే ఉంది పట్టు!

1976 జులై. కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఒలింపిక్స్ జరుగుతున్నాయి. మోడ్రన్ పెంటాథ్లాన్‌లో ఆ రోజు కత్తియుద్ధం వంతు. అప్పట్లో గుర్రపుస్వారీ, ఫెన్సింగ్, షూటింగ్, ఈత, పరుగు... ఐదూ కలిపి ఒకే ఆట. అందులో ఫెన్సింగ్ అంటే ఒక్క పోటుతో తేలిపోయే వ్యవహారం. ఎవరి కత్తి మొన ముందు ఎదుటివాడికి తగిలితే వాళ్లదే గెలుపు. తగిలిందో లేదో చెప్పేది మనిషి కాదు, కరెంటు దీపం.

సోవియట్ సైన్యంలో మేజర్ బోరిస్ ఒనిష్చెంకో బరిలోకి దిగాడు. వయసు 38. నాలుగేళ్ల కిందట మ్యూనిక్‌లో వ్యక్తిగత విభాగంలో రజతం, జట్టుతో కలిసి స్వర్ణం గెలిచినవాడు. ఎదుట బ్రిటన్ జట్టు కెప్టెన్ జిమ్ ఫాక్స్. ఒనిష్చెంకో కత్తి ముందుకు చాచాడు. ఫాక్స్ చటుక్కున వెనక్కి వంగాడు. మొన గాల్లోనే ఉండిపోయింది. కానీ దీపం మాత్రం వెలిగింది!

తనకు కత్తి తగల్లేదని ఫాక్స్ గట్టిగా చెప్పాడు. నిర్వాహకులు ఆ కత్తిని పరీక్షకు పంపారు. ఒనిష్చెంకో ఇంకో కత్తి తీసుకుని ఏమీ ఎరగనట్టే ఆడుతూ పోయాడు, గెలిచాడు కూడా. ఈలోగా అవతల కత్తి విప్పి చూసినవాళ్లు నిర్ఘాంతపోయారు. పిడిలో రహస్యంగా తీగ, దానికో మీట! మొన తగలక్కర్లేదు. చేత్తో నొక్కితే చాలు, దీపం వెలిగేస్తుంది. ఒనిష్చెంకోని పోటీల నుంచి గెంటేశారు. జట్టు పోటీలోంచి సోవియట్ యూనియన్ తప్పుకోవాల్సి వచ్చింది. చివరికి జట్టు స్వర్ణం ఫాక్స్ బృందానికే దక్కింది.

ఒలింపిక్స్ చరిత్రలో మాయని మచ్చగా మిగిలిన ఆ మోసం జరిగింది కత్తి మొనలో కాదు, అంచులో కాదు. పిడిలో! ఆ తర్వాత తీగలూ మీటలూ దాచడానికి వీలుండే పిడులు వాడకూడదని నిబంధనలు మార్చారు.

మొన కాదు, మొదలు చూడాలి

కత్తి అనగానే అందరి కళ్లూ మెరిసే అంచు మీదే పడతాయి. కానీ కత్తిసాము తెలిసినవాళ్లు ముందు చూసేది పిడిని. వంటింట్లో కూడా అంతేగా. ఎంత పదునైన చాకైనా పిడి వదులైతే కూర తరగడం కష్టం. గొడ్డలి కామ చేతికి ఇమడకపోతే ఎంత బలమున్నవాడికైనా అరచేతిలో బొబ్బలే.

ఫెన్సింగ్‌లో కత్తులు మూడు రకాలు. ఫాయిల్, ఎపీ, సేబర్.

ఫాయిల్ అంటే ఒకప్పుడు సాధన కోసం వాడిన తేలికపాటి కత్తి. బరువు 500 గ్రాములు మించకూడదు. మొనతో పొడవడమే తప్ప కోయడం ఉండదు. అదీ మొండెం మీద మాత్రమే. చేతులకూ కాళ్లకూ తగిలితే లెక్కలోకి రాదు.

ఎపీ అచ్చంగా ద్వంద్వయుద్ధాల నాటి కత్తికి వారసురాలు. బరువు 770 గ్రాముల దాకా ఉండొచ్చు. ఇందులోనూ మొనదే పని. కాకపోతే అరికాలి నుంచి నడినెత్తి దాకా ఎక్కడ తగిలినా పాయింటే.

సేబర్ గుర్రపు రౌతుల కత్తి నుంచి వచ్చింది. దీని బరువూ 500 గ్రాముల లోపే. మొనతో పొడవొచ్చు, అంచుతో వేటూ వేయొచ్చు. నడుము పైభాగం లక్ష్యం.

ఫాయిల్, ఎపీ కత్తుల మొనలో చిన్న స్ప్రింగు బటన్ ఉంటుంది. ఫాయిల్‌లో కనీసం 500 గ్రాముల, ఎపీలో 750 గ్రాముల ఒత్తిడి పడితేనే దీపం వెలుగుతుంది. మొన నుంచి బ్లేడు పొడవునా తీగ వచ్చి, పిడి ముందుండే గిన్నెలాంటి గార్డు లోపలి సాకెట్‌కు చేరుతుంది. అక్కడి నుంచి ఆటగాడి చొక్కా చేతిలోంచి వీపు వెనక్కి, అక్కడి నుంచి దీపాల పెట్టెకి. ఒలింపిక్స్‌లో ఎపీకి ఈ కరెంటు పద్ధతి 1936లో, ఫాయిల్‌కి 1956లో, సేబర్‌కి 1992లో వచ్చింది. మొనకీ పెట్టెకీ మధ్య ఉన్న దారిలోనే ఒనిష్చెంకో తన దొంగ మీట పెట్టాడన్నమాట.

పిట్టను పట్టుకున్నట్టు...

ఫ్రాన్స్ వాళ్ల పిడి చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. అరచేతి వంపుకి తగ్గట్టు కాస్త వంగిన కడ్డీ, దాని చివర ఇనుప గుబ్బ. ఆ గుబ్బని పొమ్మెల్ అంటారు. అది అలంకారం కాదు. బ్లేడు తోక గార్డులోంచి, పిడిలోంచి వచ్చి ఆ గుబ్బలో మరలా బిగుసుకుంటుంది. గుబ్బ విప్పితే కత్తి ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ముందున్న బ్లేడు బరువుకి సరితూకం కూడా అదే.

ఈ పిడిని బొటనవేలు, చూపుడువేలు నడిపిస్తాయి. మిగతా మూడు వేళ్లూ సాయం పడతాయి. వేళ్ల దగ్గర గోరంత కదలిక చాలు, మొన దగ్గర బెత్తెడు తేడా వస్తుంది. ఎదుటివాడి కత్తి కిందుగా సున్నా చుట్టి అవతలి పక్క నుంచి పొడవాలంటే మోచెయ్యి తిప్పక్కర్లేదు. రెండు వేళ్లు తిప్పితే సరి. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లకు చాలాచోట్ల ఈ పిడే ముందు చేతికిస్తారు. వేళ్లకు పని నేర్పే పలక ఇది.

కత్తి ఎలా పట్టుకోవాలి? తరతరాలుగా గురువులు చెప్పే పోలిక ఒకటుంది. పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవాలట. మరీ గట్టిగా పడితే ప్రాణం పోతుంది. మరీ వదులుగా పడితే ఎగిరిపోతుంది. చెప్పడం తేలికే. ఎదుట మనిషి కత్తి దూసి మీద మీదకు వస్తుంటే, పిడికిలి బిగించకుండా ఉండటమే అసలైన కత్తి మీద సాము.

ఇటలీ వాళ్ల దారి వేరు. వాళ్ల పిడికి, గార్డుకి మధ్య అడ్డంగా ఓ కడ్డీ ఉంటుంది. చూపుడువేలు, మధ్యవేలు ఆ అడ్డకడ్డీ దాటి ముందుకు పోయి బ్లేడు మొదలునే చుట్టుకుంటాయి. అది చాలక పిడి చివరను మణికట్టుకు పట్టీతో కట్టేసేవారు. ఇక కత్తి చేతిలోంచి జారే ప్రసక్తే లేదు. దెబ్బలో బలం ఎక్కువ. కానీ వేళ్ల ఆటకి చోటు తక్కువ. పాతకాలపు రేపియర్ కత్తుల పోలికలు ఈ పిడిలో కనిపిస్తాయి.

ఒకరిది వేళ్ల నేర్పు, ఇంకొకరిది పట్టు బలం. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఈ రెండు దేశాల వ్యవహారమూ అంతే. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్ సంగతే చూడండి. ఫాయిల్‌లో పైచేతిని కూడా లక్ష్యంగా లెక్కించాలన్న తమ మాట చెల్లలేదని ఫ్రాన్స్ ఆ పోటీకి రాలేదు. ఎపీ బ్లేడు పొడవు 94 సెంటీమీటర్లకు పెంచాలన్న తమ కోరిక తీరలేదని ఇటలీ ఎపీ పోటీకి రాలేదు. కాస్త పొడవు కోసం ఆ పోటీనే వదులుకున్నారు!

ఇంత పోరూ చేసిన ఇటలీ పిడి ఇప్పుడు పోటీల్లో కనిపించడమే అరుదు. దాన్ని పక్కకు నెట్టింది మాత్రం ఫ్రాన్స్ పిడి కాదు.

వేళ్లకో గూడు

దాని పేరు పిస్టల్ గ్రిప్. నిబంధనల పుస్తకంలో పేరు ఆర్థోపెడిక్ గ్రిప్. ఎముకల డాక్టరు దగ్గర వినిపించే మాట కత్తి దగ్గర ఎందుకొచ్చిందీ అంటే... వేళ్లు సరిగా లేనివాళ్లకు, చెయ్యి దెబ్బతిన్నవాళ్లకు వీలుగా ఉండేందుకు ఇలాంటి పిడి పుట్టిందని ఫెన్సింగ్ లోకంలో చెప్పుకుంటారు.

చూడటానికి వంకరటింకరగా, కొమ్మలు విరిచిన వేరులా ఉంటుంది. పట్టుకుంటే మాత్రం ఒక్కో వేలికీ ఒక్కో గూడు దొరుకుతుంది. చూపుడువేలు తుపాకీ మీట మీద ఉన్నట్టు కుదురుకుంటుంది. వెనక కొమ్ము అరచేతి మడమకు ఆనుకుంటుంది. బెల్జియన్, విస్కాంటీ, రష్యన్, హంగేరియన్, జర్మన్ అంటూ ఇందులో రకాలున్నాయి. కొమ్ముల పొడవులో, వంపులో తేడా. కుడిచేతి వాటం వాళ్లకు వేరు, ఎడమచేతి వాటం వాళ్లకు వేరు.

దీని లాభం ఏమిటంటే, ఎదుటివాడు తన కత్తితో ఎంత బలంగా కొట్టినా పిడి చేతిలో తిరిగిపోదు. మణికట్టు, ముంజేయి, వేళ్లు అన్నీ కలిసి అడ్డుకుంటాయి. ఎదుటి కత్తిని పక్కకు నెట్టి తోసుకుపోవడమూ సులువు. అందుకే పెద్ద పోటీల్లో ఫాయిల్ ఆడేవాళ్లలో దాదాపు అందరి చేతుల్లోనూ ఇదే.

నష్టమూ ఉంది. పట్టు కుదురుగా ఉందని కొత్తవాళ్లు పిడికిలి బిగించేస్తారు. వేళ్ల పని మానేసి భుజంతో ఆడతారు. పిట్ట కాస్తా నలిగిపోతుంది.

నాలుగు వేళ్ల దూరం

మరి ఫ్రాన్స్ పిడి పని అయిపోయిందా అంటే, లేదు. ఎపీలో దానికి ఇప్పటికీ పీట వేసి కూర్చోబెడుతున్నారు.

కారణం గొడ్డలి పట్టినవాళ్లకు తెలుసు. కామని తల దగ్గర పట్టుకుంటే గురి కుదురుతుంది. చివర పట్టుకుంటే దూరం అందుతుంది. ఫ్రాన్స్ పిడి కూడా అంతే. గార్డు దగ్గర కాకుండా బాగా వెనక్కి, గుబ్బ దగ్గర పట్టుకుంటే కత్తి కొన్ని అంగుళాలు పొడవైనట్టే! ఎపీలో ఇద్దరూ ఒకేసారి పొడిస్తే ఇద్దరికీ పాయింటు. ఎదుటివాడి కన్నా రెప్పపాటు ముందు తగిలితే ఒక్కడికే. అలాంటి ఆటలో నాలుగు వేళ్ల దూరం అంటే మాటలా! పొడుగు చేతులున్నవాళ్లు ఇలా చివర పట్టుకుని, ఎదుటివాడి మణికట్టునో ముంజేతినో చీమ కుట్టినట్టు కుట్టి వెనక్కి తప్పుకుంటారు.

దీనికి మూల్యం చెల్లించాల్సిందే. చివర పట్టుకున్న కత్తిని ఎవరైనా గట్టిగా కొడితే పక్కకు ఎగిరిపోతుంది. అడ్డుకునే బలం ఉండదు. దగ్గరకు వచ్చేస్తే ఇక చిక్కే.

మరి వేళ్లకు గూళ్లూ ఉండి, వెనక పొడవాటి గుబ్బా ఉంటే? బలమూ దూరమూ రెండూ దొరుకుతాయి కదా! ఈ ఆలోచన రాకపోలేదు. స్పానిష్ పిడి పేరుతో అలాంటిది ఒకటి వచ్చింది కూడా. దాన్ని పోటీల్లో నిషేధించారు. ఇప్పుడు నిబంధన స్పష్టం. పిడికి వేళ్లను ఒకచోట కుదిర్చే కొమ్ములు ఉంటే, చెయ్యి పెట్టడానికి ఒకే ఒక్క చోటు ఉండాలి. ఆ చోట పెట్టినప్పుడు బొటనవేలి కొస గార్డుకి రెండు సెంటీమీటర్లకు మించి దూరంలో ఉండకూడదు. కొమ్ములు లేని పిడి అయితే ఎక్కడైనా పట్టుకోవచ్చు, ఆట మధ్యలో చోటు మార్చుకోవచ్చు. కానీ పొడిచే వేళ చేతిని పిడి మీద ముందు నుంచి వెనక్కి జార్చకూడదు. కత్తిని విసిరే ఆయుధంగా మార్చే ఏర్పాటు ఏదీ పిడిలో ఉండకూడదు.

అంటే బలం కావాలా, దూరం కావాలా తేల్చుకోవాలి. రెండూ ఒక్కరికే ఇవ్వమని ఆట ముందే చెప్పేసింది. ఎవరి శరీరానికి ఏది నప్పుతుందో వెతుక్కోవడమే సాధనలో సగం.

వేటుకో పిడి

సేబర్ దగ్గరకొస్తే ఈ తగువులేవీ లేవు. పిస్టల్ పిడి ఇక్కడ పనికిరాదు. వేటు వేయాలంటే కత్తి అంచు అటూ ఇటూ తిరగాలి. వేళ్లన్నీ గూళ్లలో కూర్చుంటే ఎలా తిరుగుతుంది? అందుకే దాదాపు తిన్నగా ఉండే పిడి. బొటనవేలు దాని వీపు మీద ఉంటుంది. మిగతా వేళ్లు కింద నుంచి చుట్టుకుంటాయి. గార్డు వంపు తిరిగి పిడి చివరి దాకా వచ్చి వేళ్ల కణుపుల్ని కాపాడుతుంది. వేటు భుజంలోంచి రాదు. చివర్లో వేళ్లు బిగిస్తే వస్తుంది.

ఈ విద్యలో హంగేరీ వాళ్లు చెయ్యి తిరిగినవాళ్లు. 1908 నుంచి 1964 దాకా ఒలింపిక్స్ పురుషుల సేబర్ వ్యక్తిగత స్వర్ణం ఒక్క 1920లో తప్ప ప్రతిసారీ వాళ్లదే. ఆ ఒక్కసారీ హంగేరీ పోటీలోనే లేదు. 2012, 2016, టోక్యో... వరసగా మూడు ఒలింపిక్స్‌లో సేబర్ స్వర్ణం గెలిచిన ఆరోన్ సిలాగీ కూడా ఆ దేశస్థుడే.

మన దేశం నుంచి ఒలింపిక్స్ ఫెన్సింగ్ బరిలో దిగిన మొదటి మనిషి పట్టిందీ సేబరే. భవానీదేవి. ఇంటిపేరు చదలవాడ. పుట్టి పెరిగింది చెన్నైలో. ఆలయ పూజారి అయిన తండ్రిది ఇప్పటి కాకినాడ జిల్లాలోని సామర్లకోట. బళ్లో ఆటలు ఎంచుకోమంటే మిగతావన్నీ నిండిపోయి ఫెన్సింగ్ మిగిలింది. కత్తులు ఖరీదు. విరిగితే మళ్లీ కొనడం కష్టం. అందుకని వెదురు కర్రలతో సాధన చేసి, అసలు కత్తిని పోటీల కోసం దాచుకునేది. గార్డూ లేని, గుబ్బా లేని వెదురుకర్రతో మొదలైన ఆ చెయ్యి 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో తొలి పోటీని 15-3తో గెలిచింది. తర్వాతి పోటీలో ఫ్రాన్స్‌కు చెందిన మనోన్ బ్రునే చేతిలో 7-15తో ఓడింది. 2023లో చైనాలోని వూషీలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్, జపాన్ క్రీడాకారిణి మిసాకి ఎమురాని 15-10తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ పోటీల్లో భారత్‌కు అదే మొదటి పతకం.

మన పాత కత్తుల పిడుల్లోనూ ఇలాంటి లెక్కే ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళితే పాత ఆయుధాలు చూడొచ్చు. తల్వార్ పిడి చివర పళ్లెంలాంటి బిళ్ల ఉంటుంది. అది మణికట్టుకు తగిలి చెయ్యి ఎక్కువగా వంగనివ్వదు. ముందుకు పొడవడానికి కాదు, భుజం నుంచి లాగి కోయడానికి వీలైన పిడి అది. కత్తి ఎలా ఆడుతుందో పిడే చెప్పేస్తుంది.

పిల్లల చేతికి ఇచ్చేముందు

పిల్లల్ని ఫెన్సింగ్‌లో చేర్పించాలనుకునే తల్లిదండ్రులు ఇక్కడే ఒక పొరపాటు చేస్తుంటారు. ఎదిగే పిల్లాడే కదా, రెండేళ్లు పనికొస్తుందని చెప్పుల్లాగా ఓ సైజు పెద్దది కొంటారు. కత్తి విషయంలో అది కుదరదు. పిస్టల్ పిడి పెద్దదైతే వేళ్లు గూళ్లకు అందవు. మొన ఊగుతుంది. దాన్ని ఆపాలని పిల్లలు పిడికిలి బిగిస్తారు. ముంజేయి నొప్పి పెడుతుంది. ఒకసారి అలవాటైన బిగింపు వదిలించడం ఏళ్ల పని. చిన్నదైతే వేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

అందుకే గ్లవుజు తొడిగించి, పిడి చేతికిచ్చి చూడాలి. బ్లేడుకీ నంబర్లుంటాయి. పెద్దలు వాడే 90 సెంటీమీటర్లది 5వ నంబరు. చిన్నపిల్లలకు 0, 2 నంబర్లు ఉంటాయి. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి పిడే ఇవ్వాలి. వాళ్ల వాటం మార్చాల్సిన పనే లేదు. ఎదుటివాళ్లకు అలవాటులేని వైపు నుంచి వచ్చే కత్తి కాబట్టి ఈ ఆటలో అదో వరం. ఇటలీకి చెందిన ఎదోవార్దో మంజారొత్తిది పుట్టుకతో కుడిచేతి వాటం. ఫెన్సింగ్ గురువైన తండ్రి ఏరికోరి కొడుకు చేత ఎడమచేతితో కత్తి పట్టించాడు. 1936 నుంచి 1960 దాకా ఆ చెయ్యి 13 ఒలింపిక్ పతకాలు గెలిచింది.

పిడికిలి లేకపోయినా...

అదే ఇటలీలో బెబె వీయో అనే పాప ఐదేళ్లకే ఫాయిల్ పట్టింది. పదకొండేళ్ల వయసులో, 2008లో, మెదడువాపు లాంటి మెనింజైటిస్ సోకింది. ప్రాణం దక్కాలంటే రెండు ముంజేతులూ, మోకాళ్ల కింద రెండు కాళ్లూ తీసేయక తప్పలేదు. పిట్టను పట్టుకున్నట్టు పట్టుకోవడానికి ఆ పాపకి వేళ్లే లేవు.

ఆ అమ్మాయి మళ్లీ కత్తి కావాలంది. కృత్రిమ చేతికి ఫాయిల్‌ను బిగించారు. చక్రాల కుర్చీ ఫెన్సింగ్‌లో కుర్చీలను నేల మీది చట్రానికి కదలకుండా బిగిస్తారు. వెనక్కి పరిగెత్తడం ఉండదు. తప్పించుకోవాలన్నా, పొడవాలన్నా నడుము, భుజం, చెయ్యి... అంతే. మిగతావాళ్లు వేళ్లతో చేసే పనిని బెబె భుజంతో, మొండెంతో చేయడం నేర్చుకుంది. 2016 రియో పారాలింపిక్స్‌లో స్వర్ణం. 2021లో జరిగిన టోక్యో పారాలింపిక్స్‌లో మళ్లీ స్వర్ణం.

పది వేళ్లూ ఉన్న మేజరు పిడిలో తీగ దాచుకుని వచ్చాడు. వేళ్లే లేని అమ్మాయి దాచుకోవడానికి ఏమీ లేకుండా వచ్చింది. ఏ పిడి మంచిదని ఫెన్సింగ్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. వాదించుకోవాల్సిందే, అందులో ఆట ఉంది. కాకపోతే పిడి పట్టును ఇస్తుంది, పట్టుదలను ఇవ్వదు. అది మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.